ఎదురు నార

వానలు మొదలైతే
నా అద్దింటి వీధి తలుపు ఒళ్లు చేస్తుంది.
పనస చెక్క. తుపానుకి పడిన చెట్టుని
ఇంటాయన పచ్చిమీదే కోయించి బిగించేశాడట.
భుజంతో గుద్దితే గాని తెరుచుకోదు.
సబ్‌సెంటరుకి బయల్దేరే ప్రతి ఉదయం
ముందు దానితో ఒక కుస్తీ.

గవరాచారికి మూడుసార్లు కబురుపెట్టాను.
"సోంపేటలో కొత్తిల్లు పనమ్మా, ఆదివారం వస్తాను."
ఏ ఆదివారమో చెప్పలేదు.
నాలుగోసారి నేనే వెళ్తే ఆయన లేడు.
భార్య నారాయణమ్మ, చూరు కింద గోనెసంచిలోంచి
చిత్రిక ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.
"పిల్లలకి సూదులు పొడుస్తావు గదా,
నీకిదో లెక్కేటి? తోసీడమే!"

పట్టుకునే చోట ఎవరెవరి అరచేతులో
గుంట చేసి వెళ్లాయి.
నా చెయ్యి అందులో వదులైంది.

బందులు విప్పి, తలుపుని అరుగుకి ఆనించి నిలబెట్టి
తోశాను.
కీచుమని ఎగిరిపడింది.
మళ్లీ తోశాను.
చెక్క మీద కుక్క కరిచినట్టు గాటు.

పొద్దుగూకే వేళ ఆచారి సైకిలాపాడు.
"ఏటమ్మా, తోస్తన్నావా, తగువాడతన్నావా?
ఎదురు నార మీదకెల్తే ఒప్పుకోదది.
ఇటు తిప్పు. సెయ్యేసి సూడు,
పిల్లిని నిమిరినట్టుండాల."
దిగి, చీల మీద ఒక దెబ్బ, బ్లేడు నెత్తిన ఒక దెబ్బ.
"ఇంక నీదే" అని తొక్కుకుంటూ పోయాడు.

నిమిరాను.
అటు కొబ్బరి పీచు. ఇటు పిల్లి.
తిప్పి, తోశాను.

స్స్‌స్‌...

వేళ్ల మీదుగా పచ్చటి చుట్ట ఒకటి
తనంతట తనే లేచింది.
మూరెడు పొడవు. ఉల్లిపొర.
ఎత్తి పట్టుకుంటే అందులోంచి
వీధి దీపం కనబడింది.
మరొకటి.
మరొకటి.
మోచేతి దగ్గర మొదలైన తోపు
మడమల్లోంచి రావాలని
ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

నా పనిలో ఏదీ ఇలా ఉండదు.
పదకొండేళ్లుగా ఈ ఉద్దానంలో ఇంటింటికీ తిరిగి
రక్తం తీసి, సీసాల మీద పేర్లు రాసి పంపుతాను.
అంకెలు తిరిగొస్తాయి.
రెండు పాయింట్ ఒకటి. మూడు పాయింట్ ఆరు.
మాత్రలు మానొద్దంటాను.
డయాలసిస్‌కి ఆటో మాట్లాడతాను.
ఎంత తోసినా ఆ అంకె
వెంట్రుకవాసి తగ్గడం అరుదు.

ఇక్కడ, తోస్తే తగ్గుతోంది.
తగ్గినంతా నా కాళ్ల చుట్టూ పడి ఉంది.
ఎవరైనా లెక్క అడిగితే
గుప్పెడు తీసి చూపించగలను.

అందుకేనేమో, సరిపోయిందని తెలిశాక కూడా
ఆపలేదు.

రాత్రి తలుపు బిగించాను.
చిటికెన వేలితో నెడితే తెరుచుకుంది.
నెట్టకపోయినా తెరుచుకుంది.

మాఘం వచ్చేసరికి చెక్క ఎండి
వేలు దూరేంత సందు.
దాంట్లోంచి సముద్రపు గాలీ, ఒక బల్లీ,
ఇంటాయన సణుగుడూ వస్తున్నాయి.
ఆచారి చూసి పడీపడీ నవ్వాడు.
"కొత్తలో అందరం అంతే తల్లీ.
నా మొదటి పీట తోసి తోసి
అట్లకాడయిపోనాది."
సందుకి బద్ద కొట్టాలన్నాడు.
ఆదివారం వస్తానన్నాడు.

చిత్రిక ఇంకా తిరిగివ్వలేదు.
ఆ మొదటి చుట్ట నా రిజిస్టర్లో ఉంది,
పేజీ గుర్తుకి. పచ్చదనం పోయి తేనెరంగు తిరిగింది.
నిన్న నమూనా ఇవ్వడానికొచ్చిన ఢిల్లమ్మ
వంగి చూసి, "ఇదేటి పాపా?" అంది.

"మా తలుపు" అన్నాను.
చెయ్యి చాపమన్నాను.